డ్యూటీల మధ్య కొత్త పేపర్లు జారిపోకుండా

వార్డు డ్యూటీ, థీసిస్, మనకంటూ పెట్టుకున్న ఇంకో పరీక్షో సంగీతమో... వీటి మధ్య దొరికే కాస్త ఖాళీ కూడా మన టాపిక్‌లో కొత్తగా ఏం వచ్చిందో వెతకడానికే పోతుంటుంది. ఆ వెతికే పని వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైట్ పబ్‌మెడ్‌కే అప్పజెప్పేయండి.

పబ్‌మెడ్‌ను నడిపే ఎన్‌సీబీఐలో అకౌంట్ ఉచితం. దానితో పబ్‌మెడ్‌లో లాగిన్ అయి, మీ టాపిక్ సెర్చ్ చేసి, బాక్సు కింద ఉన్న ‘క్రియేట్ అలర్ట్’ నొక్కండి. వారానికోసారి అని పెట్టి, డ్యూటీ తేలిగ్గా ఉండే రోజు ఎంచుకోండి. ఫార్మాట్ దగ్గర అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) పెడితే మెయిల్‌లోనే చదివేయొచ్చు. దానికి 20 నిమిషాలు చాలు. పనికొచ్చే రెండో మూడో జొటెరోలో (పేపర్లు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకుని, ఒక్కోదాని కింద ‘ఇది థీసిస్‌లో ఎక్కడ వాడాలి’ అన్నది ఒక్క వాక్యం రాయండి. అది రాయకపోతే చివర్లో అన్నీ మళ్లీ చదవాల్సిందే. మిగతావి డిలీట్, జాలి పడొద్దు.

ఒక జాగ్రత్త: కేవలం మెష్ పదాలతో (పేపర్లకు టాపిక్‌ను బట్టి తగిలించే ప్రామాణిక పదాలు) సెర్చ్ కడితే కొన్ని పేపర్లు తప్పిపోవచ్చు, పబ్‌మెడ్‌లో అన్నిటికీ ఆ పదాలు తగిలించి ఉండవు. మామూలు పదాలనూ ‘ఆర్’ (OR)తో కలపండి. ఒక ప్రశ్నపై వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి విశ్లేషించే సిస్టమాటిక్ రివ్యూకైతే ఇదొక్కటే సరిపోదు, ఎంబేస్ లాంటి వేరే డేటాబేస్‌లూ చూడాలి.