అమెరికాలో వాకింగ్‌కి వెళ్తే ఎదురొచ్చినవాళ్ళని పలకరించాలా వద్దా

ఆరునెలలకని పిల్లల దగ్గరికి వచ్చిన మనలాంటి పెద్దవాళ్ళకి ఇక్కడ కారు నడపడం రాదు, పక్కింట్లో ఎవరుంటారో తెలీదు, ఇక మిగిలేది పొద్దున్నే ఓ వాకింగ్. మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మొదటిరోజే కుక్కని పట్టుకుని ఎదురొచ్చిన పెద్దాయన నవ్వి "గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ" అన్నాడు, పాపం ఎంత మర్యాదో అనుకుని నేను ఆగి మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి మొదలుపెడదామని చూస్తే ఆయన అప్పటికే రెండిళ్ళు దాటిపోయాడు!

కాబట్టి ముందు ఇది గుర్తుపెట్టుకోండి, ఇక్కడ హౌ ఆర్ యూ అనేది ప్రశ్న కాదు. మన ఊళ్ళో కూరల సంచీతో వస్తుంటే "ఏం బాబాయ్, సంత నుంచా?" అంటారు కదా, కళ్ళ ముందు కనపడుతున్నా అడుగుతారు, ఇదీ అంతే. "గుడ్, హౌ ఆర్ యూ" అనేసి నడుస్తూనే ఉండాలి, జవాబు కోసం ఆగక్కర్లేదు.

ఎప్పుడు అనాలంటే, అల్లంత దూరం నుంచే మనిషిని చూస్తూ రాకూడదు, అది మనకి బాగా అలవాటు. పది పదిహేను అడుగుల దగ్గరికొచ్చాక చూపు కలిస్తే "మార్నింగ్" అంటే చాలు, వాళ్ళూ గుడ్ అనేది చాలాసార్లు మింగేస్తారు. నోరు తిరక్కపోతే తల ఊపి నవ్వండి. పరిగెత్తేవాళ్ళకి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నవాళ్ళకి చెయ్యి కొంచెం ఎత్తితే సరిపోతుంది. రెండో రౌండ్‌లో మళ్ళీ అదే మనిషి ఎదురైతే మళ్ళీ గుడ్ మార్నింగ్ వద్దు, నవ్వు చాలు. అవతలివాళ్ళు పలక్కపోతే బాధపడొద్దు, మా ఆవిడ ఒకావిడ మీద వారం రోజులు అలిగింది, ఆవిడకి ఆ సంగతే తెలీదు.

టెక్సస్‌లో ఇంకోటుంది, కారులో వెళ్తూ స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్ళు ఎత్తుతారు కొందరు, తెలిసినవాడేమో అని వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, మీరూ చెయ్యెత్తండి అంతే. ట్రయిల్ మీద, అంటే నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వేసిన దారి మీద, వెనకనుంచి సైకిలువాళ్ళు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే మాత్రం అది పలకరింపు కాదు, మీ ఎడమ పక్కనుంచి దాటిపోతున్నా అని, కుడివైపుకి జరగాలి. మనం ఎడమ అనగానే ఎడమకే జరుగుతాం, నేనూ అదే చేశా, సైకిలు కుర్రాడు గడ్డిలోకి దిగిపోయాడు.

కుక్కని నిమరాలంటే అడిగి నిమరండి. పిల్లల్ని బుగ్గ గిల్లడం, చాక్లెట్ ఇవ్వడం, ఫొటో తియ్యడం అస్సలొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే.

ఇదంతా ఇళ్ళ మధ్య వీధుల సంగతి. న్యూయార్క్ మన్‌హాటన్‌లో ఎదురొచ్చిన ప్రతివాడికీ గుడ్ మార్నింగ్ చెప్తే తేడాగా చూస్తారు, అక్కడ ఎవరి దారి వాళ్ళదే. చీకటిపడ్డాక ఎవరైనా ఆపి మాట్లాడబోతే ఎక్కడైనా సరే ఆగకండి, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు మరీనూ.

అసలు కష్టం మన తెలుగువాళ్ళతోనే. తెల్లవాళ్ళందరికీ హాయ్ చెప్పి, మనవాళ్ళు ఎదురైతే ఫోన్ చూసుకుంటూ పోతారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. మీరే ముందు "నమస్తే అండీ, తెలుగువాళ్ళా?" అనండి, పెద్దవాళ్ళయితే ముఖం వెలిగిపోతుంది, సాయంత్రానికల్లా టీకి పిలుస్తారు. కాకపోతే మొదటిరోజే ఇంటిపేరేంటి, అబ్బాయి జీతమెంత, గ్రీన్‌కార్డ్ వచ్చిందా అని అడక్కండి. అడిగితే రేపట్నుంచి వాళ్ళు అవతలి వీధిలో నడుస్తారు, ఒకళ్ళ విషయంలో మాకు అదే అయింది.