ఈట్-26 తెలుగు ప్రశ్నావళిని పరీక్షించబోయే ముందు

ఈట్-26 అంటే బరువు భయంతో తిండి అలవాట్లు దెబ్బతిన్నవాళ్లను పసిగట్టడానికి ఇంగ్లిషులో రాసిన 26 ప్రశ్నల పత్రం. మూల రచయితల అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం చేతికొచ్చాయా?

ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. మూలం చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లిషులోకి మార్చాలి.

అసలు జాగ్రత్త ఇక్కడ. "ఆహారాన్ని చిన్న ముక్కలుగా కోస్తాను" అంటే చేత్తో అన్నం కలుపుకునేవాళ్లకు ఏమర్థమవుతుంది? "ఆకలేసినా తినను" అన్నదానికి శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లూ, రంజాన్ ఉపవాసమున్నవాళ్లూ అవుననొచ్చు, అది బరువు భయం కాదు. "ఎప్పుడూ", "ఎప్పుడూ లేదు" పక్కపక్కన ఉంటే తికమకే. పదిమందిని కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. నాకైతే గణాంకాలకన్నా ఇదే ముఖ్యం.

20 లేదా అంతకుమించి మార్కులొస్తే సమస్య ఉండొచ్చనే హద్దు ఇంగ్లిషు రూపానిది. సైకియాట్రిస్టు ఇంటర్వ్యూతో పోల్చకుండా వాడొద్దు.

వాంతి చేసుకుంటున్నామని రాసినవాళ్లను ఎవరి దగ్గరికి పంపాలో ముందే మాట్లాడిపెట్టుకోండి. ఆ కాగితాలు ఇంట్లోవాళ్ల కంట పడకూడదు.