కాంటనీస్ మూలికల సూప్ ఇంట్లో ఎలా కాచాలి?

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, హాంకాంగ్‌లో చాలా ఇళ్లలో భోజనానికి ముందు ఒక గిన్నెడు వేడి సూప్ తాగుతారు. మన రెస్టారెంట్లలో కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబరిచే సూప్‌కీ దీనికీ పోలిక లేదు. మాంసం, ఎండు వేళ్లు, ఎండు పళ్లు కలిపి గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే దిగే తేట రసం ఇది. కాంటనీస్ వాళ్లు లౌ ఫో టాంగ్ అంటారు. నేర్చుకోవడం కష్టమేమీ కాదు. మూలికలు ఎన్ని ఎక్కువ వేస్తే అంత మంచిదన్న ఆలోచన మాత్రం ముందే వదిలేయాలి. నాలుగైదు రకాలు మించితే రుచి మందు కషాయం వైపు పోతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు కోడి సూప్ సరైనది. నలుగురికి ఇవి చాలు:

నాటుకోడి ముక్కలు 750 గ్రాములు (తోలు తీసినవి)
హ్వాంగ్‌చీ (ఇంగ్లీషులో ఆస్ట్రగాలస్) వేరు ముక్కలు 15 గ్రాములు
డాంగ్‌షెన్ (కోడొనాప్సిస్) వేరు 15 గ్రాములు
హ్వాయ్‌షాన్, అంటే ఎండబెట్టిన చైనా పెండలం బిళ్లలు, 20 గ్రాములు
ఎండు ఎర్ర ఖర్జూరాలు 6 (పేరుకే ఖర్జూరాలు, ఇవి రేగు జాతి పళ్లు)
గోజీ పళ్లు (చిన్న ఎర్రటి ఎండు పళ్లు) ఒక పెద్ద చెంచా
అల్లం బిళ్లలు 4, నీళ్లు రెండున్నర లీటర్లు, ఉప్పు

సింగపూర్, మలేసియాల్లో ఉండే తెలుగువాళ్లకు ఇవి పక్క వీధిలోనే దొరుకుతాయి. 1879లో మలేసియాలోని గోపెంగ్‌లో మొదలైన యూ యాన్ సాంగ్ లాంటి దుకాణాల్లో ఒక్కో సూప్‌కు సరిపడా మూలికలు కలిపిన పొట్లాలు కూడా అమ్ముతారు. విడిగా కొంటే ముందు వాసన చూడండి. ముక్కుకు ఘాటుగా, పుల్లగా తగిలితే పాడవకుండా, తెల్లగా కనబడేలా గంధకం పొగ పట్టించి ఉండవచ్చు. హ్వాయ్‌షాన్ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నా, గోజీ పళ్లు నీళ్లలో వేయగానే ఎర్రరంగు దిగినా కొనకపోవడమే మేలు.

1. మూలికలను చల్లటి నీళ్లలో గబగబా కడగండి. హ్వాయ్‌షాన్‌ను మాత్రం అరగంట నానబెట్టండి. ఎర్ర ఖర్జూరాలను చీల్చి గింజ తీసేయండి. గింజ వేడి చేస్తుందని అక్కడి పెద్దవాళ్ల నమ్మకం.

2. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, సూప్ అక్కడే చెడుతుంది. కోడి ముక్కలను చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరుగు పట్టి బూడిదరంగు నురుగు పైకి తేలాక రెండు మూడు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు మొత్తం పారబోయండి. ముక్కలను గోరువెచ్చని నీళ్లతో ఒక్కొక్కటిగా కడగండి. ఎముకల సందుల్లో గడ్డకట్టిన రక్తం పోవాలి. నీచువాసన పోయేదీ, రసం తేటగా దిగేదీ ఈ కడుగు వల్లే.

3. మట్టికుండ గానీ అడుగు మందంగా ఉన్న గిన్నె గానీ తీసుకుని రెండున్నర లీటర్లూ ఒకేసారి పోయండి. గోజీ, ఉప్పు తప్ప అన్నీ వేసి పెద్ద మంట మీద పది నిమిషాలు మరగనివ్వండి.

4. తర్వాత మంట బాగా తగ్గించి, మూత పెట్టి రెండు గంటలు వదిలేయండి. పైన అక్కడక్కడా చిన్న బుడగ లేస్తుండాలి, కళపెళ తెర్లకూడదు. తెర్లితే కొవ్వు రసంలో కలిసిపోయి సూప్ మసకబారుతుంది. మాటిమాటికీ మూత తీయకండి, గరిటె పెట్టి కలపకండి. నీళ్లు మరీ తగ్గితే మరిగే నీళ్లే పోయాలి. కుక్కర్లో అరగంటలో ముక్క మెత్తబడుతుంది కానీ మూలికల రుచి ఇంత లోతుగా దిగదు. తీరికలేని రోజున తప్ప నేను కుక్కర్ వాడమని చెప్పను.

5. దించడానికి పావుగంట ముందు గోజీ వేయండి. ముందే వేస్తే చితికి పులుపెక్కుతుంది. ఉప్పు చివర్లోనే, అదీ కొద్దిగా. పైన తేలిన నూనెను గరిటెతో తీసేయండి. మిరియాలు, కొత్తిమీర వేయాలని చేయి లాగుతుంది. మొదటి గిన్నె అవేమీ లేకుండా తాగి చూడండి.

రసం తాగాక మిగిలిన ముక్కలను అక్కడ సోయాసాస్‌లో అద్దుకుని తింటారు. హ్వాంగ్‌చీ మాత్రం పీచులా ఉంటుంది, తీసి పారేయాలి.

మాంసం తినని ఇళ్లలో తామర దుంప, పచ్చి వేరుశెనగ గింజలు, ఎర్ర ఖర్జూరాలు, ఎండు షిటాకే పుట్టగొడుగులు కలిపి గంటన్నర కాచుకోవచ్చు. వేరుశెనగలను ముందురోజు రాత్రే నానబెట్టాలి. వేసవిలో కాంటనీస్ వాళ్లు బూడిదగుమ్మడికాయను తొక్కతోనే కోసి సూప్ కాస్తారు. హాయిగా ఉంటుంది, మూలికల అవసరమే లేదు. చలికాలానికి డాంగ్‌గుయ్ (చైనా ఏంజెలికా) వేరు, అల్లం, గొర్రెమాంసం కలిపిన సూప్ ఉంది. హాన్ రాజవంశం చివరి రోజుల్లోని వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ రాసిపెట్టిన కాలం నుంచీ అది నడుస్తోంది.

డాంగ్‌గుయ్ విషయంలో కచ్చితంగా ఉండండి. గర్భిణులకు పెట్టకూడదు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు డాంగ్‌గుయ్ గానీ గోజీ గానీ ఇవ్వకండి, ఆ మందు ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా హ్వాంగ్‌చీ జోలికి పోవద్దు. జ్వరం, జలుబు ఉన్నప్పుడు హ్వాంగ్‌చీ సూప్ కాయరు, అది చైనా ఇళ్లలో పాత నియమం. గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లకు గంటల తరబడి కాచిన మాంసరసం మంచిది కాదు, ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు అందులోకి బాగా దిగుతాయి. ఇది వంట, వైద్యం కాదు. వాడుతున్న మందులు మానేసి సూప్ మీద ఆధారపడవద్దు. ఇంటికొచ్చిన వాళ్లకు పోసే ముందు గిన్నెలో ఏమేం వేశారో చెప్పండి.