బిందెల ఆట: పిల్లలతో స్క్రాచ్‌లో ఫ్లోరైడ్ పాఠం కట్టించడం ఎలా

నా ముందు పళ్ళ మీద గార గీతలున్నాయి. దర్శి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో అదేం వింత కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు) గురించి తొలిసారి 1937లో వైద్య పత్రికలో రాసింది మా ఈ నేల గురించే. ఇప్పుడు ఇక్కడే హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. నాలుగు బిందెల నీళ్ళను పరీక్షించి, ఫ్లోరైడ్ తక్కువున్నవి ఎంచుకుని తాగే కంప్యూటర్ ఆట ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఏటా దీన్ని కట్టిస్తున్నాను.

స్క్రాచ్ అంటే రంగు రంగుల ఆజ్ఞల బ్లాకులు పేర్చి ఆటలు కట్టుకునే ప్రోగ్రాము. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. మా ల్యాబులో పనిచేసేవి నాలుగు కంప్యూటర్లే. ఒక్కోదాని ముందు ముగ్గుర్ని కూర్చోబెడతాను: ఒకరికి మౌసు, ఒకరికి నోటుబుక్కు, ఇంకొకరికి తప్పులు పట్టే పని. పావుగంటకోసారి చోట్లు మారాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి పది నిమిషాలకోసారి పెన్‌డ్రైవులో సేవ్ చేయించండి.

కంప్యూటరు ముట్టుకునే ముందు ఒక పూటంతా కాగితం మీదే గడపండి. ఏ నీళ్ళు మంచివి, ఎందుకు మంచివి అని పిల్లలతో రాయించండి. మొదటి ఏడాది నేను ఈ పని చేయించలేదు. ఒక జట్టు ఆటలో పొయ్యి బొమ్మ పెట్టింది. బిందెను పొయ్యి మీదికి తీసుకెళ్తే పది పాయింట్లు! "కాచి తాగితే మంచిదని మా అమ్మ చెప్పింది మేడమ్" అన్నారు. అమ్మ చెప్పింది వాంతులు, విరేచనాల విషయంలో నిజమే, కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరితో పోదు. నీరు తగ్గి, ఫ్లోరైడ్ మిగిలి, ఇంకా చిక్కబడుతుంది. ఆ ఆట ఆడిన ఆరో తరగతి పిల్లలు అరగంటలో ఆ తప్పునే నేర్చుకుని వెళ్ళారు. 'ఇఫ్' బ్లాకులో ('ఇలా అయితే ఇది చెయ్యి' అని చెప్పే బ్లాకు) మనం ఏం పెడితే ఆడేవాళ్ళకు అదే పాఠం. అందుకే కాగితం మీద రాసిన ప్రతి నియమాన్నీ మీరు చదివి సంతకం పెట్టాకే బ్లాకుల దగ్గరికి పంపండి.

ఇక కట్టడం. నాలుగు బిందెలు గీయించండి, నాలుగూ ఒకేలా ఉండాలి. పిల్లలు చెడ్డ నీళ్ళకు ఆకుపచ్చ రంగో, పుర్రె గుర్తో వేస్తామంటారు. వద్దని చెప్పండి. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, రుచిలో తెలీదు. తేటగా మెరిసే బోరు నీళ్ళలోనూ ఉంటుంది. ఆడేవాళ్ళు పరీక్ష చేస్తేనే అంకె బయటపడాలి.

ముందు ఒక్క బిందెకే పూర్తిగా బ్లాకులు పెట్టండి. బిందెలో ఫ్లోరైడ్ ఎంతుందో గుర్తుపెట్టుకునే 'నీరు' అనే వేరియబుల్ (అంకెను దాచే డబ్బా) తయారుచేసేటప్పుడు 'ఫర్ దిస్ స్ప్రైట్ ఓన్లీ' (ఈ బొమ్మకు మాత్రమే) ఎంచుకోవాలి. లేకపోతే ఒక బిందె అంకె మారగానే నాలుగూ మారిపోతాయి. మా వాళ్ళు దీని కోసం రెండు పీరియడ్లు తలలు పట్టుకున్నారు. ఆట మొదలుపెట్టే పచ్చజెండా నొక్కగానే 'నీరు'లోకి 'పిక్ రాండమ్ 2 టు 40' (2 నుంచి 40 లోపు ఏదో ఒక అంకె) పంపి, దాన్ని 10తో భాగించండి. 0.2 నుంచి 4.0 దాకా ఒక్క దశాంశంతో శుభ్రంగా వస్తుంది. ఆ బిందె సరిగ్గా పనిచేశాకే డూప్లికేట్ కొట్టి మిగతా మూడూ చేసుకోండి.

ఫ్లోరైడ్‌కు హద్దు 1.5. అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు అదే. మన దేశపు ప్రమాణం ప్రకారం 1 దాటకపోతే మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. సున్నాకు ఎక్కువ పాయింట్లు పెట్టనివ్వకండి, కాస్త ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది.

పొయ్యిని తీసేయక్కర్లేదు. 'క్రిములు' అని ఇంకో వేరియబుల్ పెట్టించండి. పొయ్యిని తాకితే 'క్రిములు' సున్నా అవ్వాలి, 'నీరు' మాత్రం 0.8తో భాగింపబడాలి. లీటరు నీళ్ళు కాగి ఎనిమిది వందల మిల్లీలీటర్లు మిగిలితే, 2 ఉన్న ఫ్లోరైడ్ 2.5 అవుతుంది. ఈ లెక్క బోర్డు మీద వేస్తే తల ఊపి వదిలేస్తారు. ఒక అంకె సున్నాకు దిగుతుంటే పక్కనే ఇంకోటి ఎక్కడం తెర మీద చూసి మాత్రం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. నా మట్టుకు నాకు ఆట మొత్తంలో విలువైన బ్లాకులు ఈ రెండే.

తర్వాత కాలం. ఒక్క గుక్క తాగగానే పళ్ళు గోధుమ రంగుకు మారితే అది అబద్ధం. ఒక్కో ఎంపికను ఒక్కో ఏడాదిగా లెక్కపెట్టండి: 'వయసు' ఒకటి పెరగాలి, నీరు 1.5 దాటితే 'చెడ్డ ఏళ్ళు' కూడా ఒకటి పెరగాలి. పళ్ళ మీద మరకలు చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే చిన్నతనంలోనే పడతాయి. కాబట్టి వయసు 8 లోపుంటేనే పళ్ళ కాస్ట్యూమ్ (బొమ్మ రూపం) మారాలి. మొదట సుద్దలాంటి తెల్ల గీతలు, ఆ తర్వాత గోధుమ మరకలు. ఎముకల జబ్బు ఇంకా చాలా ఏళ్ళకు గానీ బయటపడదు. ఎన్ని చెడ్డ ఏళ్ళకు బొమ్మ మారాలన్నది ఆట కోసం మనం పెట్టుకున్న లెక్క. ఆ మాట మొదటి తెర మీదే రాయించండి.

ఒక జట్టు నడుము వంగిన ముసలాయన్ని రాక్షసుడిగా గీసింది. వెనక బెంచీలో ఒక పిల్ల తల దించుకుంది. వాళ్ళ తాతకు నడుము అలాగే ఉంటుంది. ఆ రోజే నియమం పెట్టాను: మా ఆటలో జబ్బుపడ్డ మనిషి శత్రువు కాడు, నవ్వుకునే బొమ్మా కాడు. ఇప్పుడు ఆ తాతే ఆటలో దారి చూపుతాడు. "పరీక్ష చేయించావా అమ్మాయ్?" అనే గొంతు ఆ పిల్లదే, స్క్రాచ్‌లో సౌండ్స్ దగ్గర రికార్డు చేసింది.

అయ్యాక నాలుగో తరగతి పిల్లలకిచ్చి, మీ వాళ్ళను నోరు మెదపకుండా వెనక నిలబడమనండి. ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకుంటే చాలు, మర్నాడు ఏం మార్చాలో తెలుస్తుంది. రెండోసారి ఆడితే పాత అంకెలు మిగిలిపోవడం మామూలు తప్పు. పచ్చజెండా కిందే 'వయసు', 'చెడ్డ ఏళ్ళు', పాయింట్లు సున్నా చేయండి.

చివరిగా ప్రతి పిల్లనూ ఇంట్లో తాగే నీళ్ళు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెమ్మనండి. బడిలో పరీక్ష కిట్ ఉంటే సరే, లేకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో అడగండి. వచ్చిన అంకెలను, ఏ ఇంటివో రాయకుండా, 'పిక్ రాండమ్' తీసేసి ఆ చోట పెట్టించి మళ్ళీ ఆడించండి.