షార్ట్‌కట్ పనిచెయ్యకపోతే, కీబోర్డు మార్చే ముందు

మాది పర్లాకిమిడి, మహేంద్రతనయ నది ఒడ్డు. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు మా ఊరు ఇటు కలిసింది. ఇళ్లలో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే నా డీటీపీ షాపులో ఒకే కీబోర్డు మీద పొద్దున ఒడియాలో దరఖాస్తు, మధ్యాహ్నం తెలుగులో పెళ్లికార్డు, సాయంత్రం ఇంగ్లీషులో అఫిడవిట్ నడుస్తాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు కదా, నాలుగు భాషలు మాకు కొత్త కాదు. కానీ ఒక కంప్యూటర్లో మూడు భాషల లేఅవుట్లు, అంటే ఏ మీటకి ఏ అక్షరం పడాలో చెప్పే అమరికలు, పెట్టుకున్నవాళ్లకి షార్ట్‌కట్లు, అంటే రెండు మూడు మీటలు కలిపి నొక్కి చేయించే పనులు, తరచుగా దారి తప్పుతాయి. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి.

మా షాపులో పనిచేసే తమ్ముడు "ఏటక్కా ఇది, కాపీ అవట్లేదు" అని పిలిస్తే నేను మొదట అడిగేది ఒకటే: "మరేం అవుతోంది?" కాపీ కాలేదు అన్నది సగం మాటే. ఏమీ జరగలేదా, వేరే అక్షరం పడిందా, వేరే పని జరిగిందా అన్నది మిగతా సగం. తప్పు ఎక్కడుందో ఆ సగమే చెబుతుంది. నొక్కిన మీట నేరుగా వర్డ్‌కి చేరదు. కీబోర్డు లోపలి పొర, ఆ తర్వాత విండోస్, అందులో భాష లేఅవుట్, వెనకాల నడిచే ప్రోగ్రాములు, ఇవన్నీ దాటి చివరికి మనం పని చేసుకుంటున్న ప్రోగ్రాముకి వెళుతుంది. దారిలో ఎక్కడో అది ఆగిపోయింది, లేదా ఇంకెవరో అందుకున్నారు. ఎక్కడన్నది తెలియకుండా సెట్టింగులు మార్చకండి. నాలుగు మార్చాక అసలు తప్పేదో, మనం చేసిందేదో విడదియ్యలేం.

అందుకని ముందు రెండు నిమిషాల పరీక్ష. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఓ, ఎస్, కె అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ ఇవ్వండి. తెర మీదే కీబోర్డు బొమ్మ వస్తుంది. ఏదైనా మాట సెలెక్ట్ చేసి, ఆ బొమ్మలో మౌస్‌తో కంట్రోల్ మీద ఒకసారి, సీ మీద ఒకసారి క్లిక్ చెయ్యండి. కాపీ అయిందా, తప్పు చాలావరకు మీ చేతి కింద ఉన్న కీబోర్డుది. అవలేదా, చాలావరకు కీబోర్డు మంచిదే, తప్పు కంప్యూటర్ లోపల ఉంది. కిందటి ఏడాది మాఘమాసం ముహూర్తాల ఒత్తిడిలో ఈ పరీక్ష చెయ్యకుండా నేను కొత్త కీబోర్డు కొనేశాను. 450 రూపాయలు, బజారుకి వెళ్లిరావడానికి గంట. కొత్తది తగిలించినా అదే తప్పు. అది ఎందుకో తర్వాత చెబుతాను.

బొమ్మ కీబోర్డుతో కూడా పని జరగలేదంటే కుడివైపు కింద గడియారం పక్కన చూడండి, ఏ భాష ఉందో. మా దగ్గర వచ్చే తకరారుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోతాయి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి వదిలితే విండోస్ భాష మార్చేస్తుంది. ఆ రెండు మీటలూ వేరే షార్ట్‌కట్లలో కూడా ఉంటాయి. వర్డ్‌లో పేరాని పైకో కిందకో జరపడానికి ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కుతాం. పెళ్లికార్డులో బంధువుల పేర్ల వరస మార్చేటప్పుడు మాకు రోజూ ఇదే పని. "పెద్దమావయ్య పేరు పైన ఉండాలమ్మా" అని ఎదురుగా నిలబడ్డవాళ్లు అంటారు. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుంటాను. ఈలోగా వాళ్లు "ఆగమ్మా, ఆగు, ఒకసారి ఇంట్లో అడుగుతాను" అంటారు. బాణం నొక్కకుండానే వేళ్లు తీసేస్తాను. అంతే, భాష మారిపోయింది. తెర మీద పెద్ద గుర్తేమీ కనబడదు. ఆ తర్వాత ఇంగ్లీషు కె నొక్కితే క పడుతుంది, పీ నొక్కితే జ పడుతుంది, స్క్వేర్ బ్రాకెట్ నొక్కితే డ పడుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. కాపీ, పేస్ట్ లాంటి అక్షరాల షార్ట్‌కట్లు మామూలుగా తెలుగు లేఅవుట్లో కూడా నడుస్తాయి. తప్పేవి ఎక్కువగా గుర్తుల మీటలతో ఉన్నవి. ఫొటోషాప్‌లో బ్రష్ సైజు పెంచే, తగ్గించే స్క్వేర్ బ్రాకెట్లు అలాంటివే. కాబట్టి కాపీ అవుతూ బ్రష్ మాత్రం మారట్లేదంటే ముందు భాషని అనుమానించండి. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు కొట్టడానికి వేరే టైపింగ్ మేనేజర్ ప్రోగ్రాము నడుపుతుంటే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి మళ్లీ నొక్కి చూడండి. అలాంటివి కొన్ని కంట్రోల్‌తో కలిపి నొక్కిన అక్షరాన్ని కూడా పట్టేసుకుంటాయి.

దీనికి శాశ్వతంగా ఏం చెయ్యాలంటే, ఆ ఆల్ట్ షిఫ్ట్ మార్పిడినే తీసెయ్యాలి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్. విండోస్ 10లో అయితే టైపింగ్ అనేది డివైసెస్ కింద ఉంటుంది. అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని కనబడుతుంది. అది తెరిచి, భాషల మధ్య మార్పిడి అన్న వరస ఎంచుకుని, చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి, రెండు వైపులా నాట్ అసైన్డ్ పెట్టండి. భాష మార్చాలంటే విండోస్ మీట, స్పేస్ ఎలాగూ ఉన్నాయి. అవి నొక్కినప్పుడు భాషల జాబితా తెర మీద కనబడుతుంది కాబట్టి తెలియకుండా మారే భయం లేదు. అదే పేజీలో ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో భాష గుర్తుంచుకునే టిక్ కూడా ఉంది, అది పెట్టుకోండి. వర్డ్ తెలుగులో, ఫొటోషాప్ ఇంగ్లీషులో దేని దారిన అది ఉంటుంది. ఈ రెండూ చేశాక మా షాపులో భాష తకరారు దాదాపు పోయింది.

ఇక మీటలు విచిత్రంగా ప్రవర్తిస్తుంటే, అంటే గట్టిగా, ఎక్కువసేపు నొక్కితేగాని అక్షరం పడకపోతే, అది విండోస్‌లో ఉన్న ఫిల్టర్ కీస్ అనే సదుపాయం. కుడి షిఫ్ట్‌ని 8 సెకన్లు పట్టుకుంటే వస్తుంది. చేత్తో రాసిన కాగితం చదువుతూ షిఫ్ట్ మీద వేలు ఉంచేసేవాళ్లకి ఇది తరచుగా తగులుతుంది. షిఫ్ట్‌ని వరసగా 5 సార్లు నొక్కితే వచ్చేది స్టికీ కీస్. అది ఆన్‌లో ఉంటే కంట్రోల్ వదిలేశాక కూడా తర్వాతి మీట దాకా నొక్కినట్టే ఉంటుంది. చేతులు సరిగా కదపలేనివాళ్లకి ఇవి నిజంగా మేలు చేస్తాయి, కాబట్టి షాపులో అలాంటివాళ్లు వాడే కంప్యూటరయితే అడిగి మార్చండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్), అందులో కీబోర్డ్. అక్కడ వాటిని ఆపడమే కాదు, షిఫ్ట్‌తో ఆన్ అయ్యే సదుపాయాన్ని కూడా ఆపెయ్యొచ్చు.

ఇరుక్కుపోయిన మీట వేరే కథ. దాన్ని లక్షణాలతో పట్టుకోవాలి. మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలకుండా అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతుంటే కంట్రోల్ ఇరుక్కుంది. ఎల్ అక్షరం కొట్టగానే కంప్యూటర్ లాక్ అయిపోతుంటే, ఇంగ్లీషు ఈ (E) అక్షరం కొట్టగానే ఫోల్డర్లు తెరుచుకుంటుంటే విండోస్ మీట ఇరుక్కుంది. ఒకసారి ఒక మాస్టారు పెన్షన్ కాగితం టైపు చేయించుకుంటుండగా ఎల్ వచ్చిన ప్రతిసారీ తెర లాక్ అయ్యింది. వైరస్ అనుకుని ఆయన కంగారుపడ్డారు. ముందు కీబోర్డు మీద రెండు కంట్రోళ్లు, రెండు ఆల్ట్‌లు, రెండు షిఫ్ట్‌లు, విండోస్ మీట, ఒక్కొక్కటీ ఒకసారి నొక్కి వదలండి. దూరం నుంచి ఎవరైనా మీ కంప్యూటర్లోకి వచ్చి పని చేసి వెళ్లాక మీట నొక్కినట్టే మిగిలిపోతుంది ఒక్కోసారి, అది దీంతో పోతుంది. మాస్టారి విషయంలో పోలేదు. మీట పక్కగా వేలు పెట్టి ఊపితే కొంచెం దిగిపోయి పైకి రావట్లేదు. మెల్లగా ఎత్తి తీస్తే కింద టీ చుక్క ఎండిపోయి పాకంలా అంటుకుంది, చుట్టూ రబ్బరు దుమ్ము. కంప్యూటర్ నుంచి తీసేసి, దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం అద్ది తుడిచి, ఆరాక పెట్టాం, సరిపోయింది. గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డయితే తీసే ముందు కంప్యూటర్ ఆఫ్ చెయ్యాలి.

ఇప్పుడు ఆ 450 రూపాయల సంగతి. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, పీ నొక్కితే ప్రింట్ లేఅవుట్, అంటే అచ్చులో పేజీ ఎలా ఉంటుందో ఆ రూపం, రావాలి. నాకు పాస్‌పోర్టు ఫొటోల ఫోల్డర్ తెరుచుకునేది. నేను కీబోర్డుని అనుమానించాను. నిజానికి వేరే మీట పడడం కాదు, వేరే పని జరగడం అది. అంటే మీట బాగానే వెళ్లింది, మధ్యలో ఇంకొకరు అందుకున్నారు. డెస్క్‌టాప్ మీద ఉన్న ఏ షార్ట్‌కట్ ఐకానుకైనా కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే షార్ట్‌కట్ కీ అని ఒక గడి ఉంటుంది. ఫొటోలు తొందరగా తియ్యాలని మా తమ్ముడు అందులో పీ పెట్టుకున్నాడు. విండోస్ దానికి కంట్రోల్, ఆల్ట్ తనే కలిపేస్తుంది. ఆ గడిలో బ్యాక్‌స్పేస్ కొట్టి ఓకే అంటే తీరిపోయింది. ప్రతి ఐకానూ ఇలా చూడండి, స్టార్ట్ మెనూలో ఉన్నవి కూడా.

వెనకాల నడిచే ప్రోగ్రాములదీ ఇదే పద్ధతి. గుణుపురం రైల్లో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, ముందు ఎవరు వేస్తే ఆ సీటు వాళ్లదే. స్క్రీన్ రికార్డర్, గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యానెల్, కాపీ చేసినవి దాచే టూల్, ఇలాంటివి కంప్యూటర్ ఆన్ అవగానే కొన్ని మీటల కలయికలు తమ పేరున రాయించేసుకుంటాయి. గడియారం పక్కన బాణం నొక్కితే కనబడే ఐకాన్లని ఒక్కొక్కటిగా ఆపుతూ, ఆపిన ప్రతిసారీ షార్ట్‌కట్ నొక్కి చూడండి. ఏది ఆపితే పని చేసిందో అదే. దాని సెట్టింగులో ఆ కలయిక మార్చండి, ప్రోగ్రాముని తీసెయ్యక్కర్లేదు.

నోట్‌ప్యాడ్‌లో పని చేసే టైపింగ్ టూల్ ఒక్క ప్రోగ్రాములో మాత్రం పని చెయ్యకపోతే, ఆ ప్రోగ్రాముని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారేమో చూడండి. పై హోదాలో నడిచేదానికి కింది హోదాలో ఉన్న టూల్ మీటలు పంపలేదు. రెండూ ఒకే హోదాలో నడపాలి.

వర్డ్‌లోనే తేడా అనిపిస్తే ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్, దాని కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కన కస్టమైజ్. అక్కడ కొత్త మీట నొక్కమనే గడిలో మీ షార్ట్‌కట్ నొక్కితే అది ప్రస్తుతం ఏ పనికి ఇచ్చి ఉందో కింద చూపిస్తుంది. చదివాక అసైన్ నొక్కకుండా మూసెయ్యండి. ఎక్సెల్‌లో బాణాలు నొక్కితే గడి మారకుండా షీటంతా జరుగుతుంటే స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంది. ఎఫ్2, ఎఫ్5 నొక్కితే సౌండో బ్రైట్‌నెస్సో మారుతుంటే ఎఫ్ఎన్ లాక్ చూసుకోండి. ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్లో కంట్రోల్, ఆల్ట్, 4 కలిపితే రూపాయి గుర్తు పడుతుంది. ఆ కలయికని వేరే పనికి పెట్టుకోవద్దు.

కీబోర్డు ఎప్పుడు కొనాలంటే, బొమ్మ కీబోర్డులో అన్నీ పని చేసి, తుడిచాక కూడా చేతి కింద ఉన్నది పని చెయ్యకపోతే, వేరే యూఎస్‌బీ పోర్టులో, వీలైతే వేరే కంప్యూటర్లో పెట్టి చూడండి. అక్కడా అదే మీట రాకపోతే అప్పుడు కొనండి. కొన్నప్పుడు షాపులోనే తగిలించమని, మీరు ఎక్కువగా వాడే మూడు మీటల కలయికలు అక్కడే నొక్కి చూసుకోండి. చవక కీబోర్డుల్లో కొన్నిటికి మూడేసి మీటలు ఒకేసారి నొక్కితే మూడోది అందదు. నేను ఆల్ట్, షిఫ్ట్, పై బాణం నొక్కి చూసుకుంటాను.