పండక్కి గ్రూప్ ఫొటో భోజనాలకి ముందే
అందరూ కలిసిన రోజు గ్రూప్ ఫొటో భోజనాలకి ముందే తీసేయండి. తిన్నాక ఒకరు కునుకు తీస్తారు, ఇంకొకరు బస్సుకి టైమైందంటారు, పిల్లలు కొత్త బట్టలు విప్పేసి ఉంటారు. కిటికీ గట్టు మీద ఫోన్ ఆనించి టైమర్ 10 సెకన్లకి పెట్టండి. వెలుతురు మొహాల మీద పడుతుంది, రోజూ ఫొటోలు తీసే మనిషి కూడా ఈసారి ఫొటోలో ఉంటారు (మా ఇంట్లో అది అక్క, పాపం). పెద్దవాళ్లని మధ్యలో కుర్చీల్లో కూర్చోబెట్టి, చంటిపిల్లల్ని వాళ్ల ఒళ్లో పెడితే సగం పని అయిపోయినట్టే. రెండు మూడు తీయండి, ఎవరో ఒకరు కళ్లు మూసేస్తారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది. ఫ్రేమ్ కట్టించుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.