ప్యాకేజ్.జేసన్ మొరాయిస్తే: ఎర్రర్ చదివి కారణం పట్టుకోవడం ఎలా

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి ఏ ప్యాకేజీలు కావాలో ప్యాకేజ్.జేసన్ ఫైల్లో రాసుంటుంది, వాటిని తెచ్చిపెట్టే పనిముట్టు ఎన్‌పీఎం. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టగానే టెర్మినల్ నిండా ఎర్ర అక్షరాలు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ప్యాకేజీలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌నీ, వాటి కచ్చితమైన వెర్షన్లు రాసుండే లాక్ ఫైల్‌నీ కలిపి తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. ఒక్కోసారి అది పనిచేస్తుంది, అందుకే అలవాటైపోతుంది. నేనూ కొన్నేళ్ళు అలాగే చేశాను. ఒక ప్రాజెక్టులో అలా లాక్ ఫైల్ తీసేశాక ఇన్‌స్టాల్ సాఫీగా అయింది, టెస్టులు పాసయ్యాయి, డిప్లాయ్ చేశాం. మర్నాడు ఇన్‌వాయిస్‌లలో తేదీ, నెల తారుమారై వస్తున్నాయని ఫోన్. తేదీల లైబ్రరీ ఒకటి మాకు తెలియకుండానే కొత్త వెర్షన్‌కి వెళ్ళిపోయింది. దానితో పాటు మరెన్నో ప్యాకేజీలు మారడంతో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఏదైనా తీసేసే ముందు ఎర్రర్‌ని పై నుంచి చదువుతున్నాను. ఎన్‌పీఎం ఎర్రర్లలో చివరి లైన్ సాధారణంగా లాగ్ ఫైల్ ఎక్కడుందో చెబుతుంది, అంతే. అసలు సంగతి మొదటి నాలుగైదు లైన్లలోనే ఉంటుంది. అక్కడ కనిపించే కోడ్‌ని బట్టి ఏ ఫైల్ చూడాలో దాదాపుగా తెలిసిపోతుంది.

సమస్య: "ఈ-జేసన్-పార్స్" ఎర్రర్

ఇది అన్నిటికంటే తేలిక. ప్యాకేజ్.జేసన్ అచ్చమైన జేసన్ ఫైల్. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌లో చెల్లేవన్నీ ఇక్కడ చెల్లవు. చివరి ఐటమ్ తర్వాత కామా ఉండకూడదు, సింగిల్ కోట్స్ కుదరవు, కామెంట్లు రాయకూడదు. డిపెండెన్సీల్లో చివరి లైన్ తీసేసినప్పుడు పై లైన్ కామా మిగిలిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. గిట్ మెర్జ్ చేశాక ఈ ఎర్రర్ వస్తే <<<<<<< గుర్తులు మిగిలాయేమో వెతకండి.

మెర్జ్ గొడవ లాక్ ఫైల్లో వస్తే దాన్ని చేత్తో సరిచేయాలని కూర్చోవద్దు. ముందు ప్యాకేజ్.జేసన్ సరిచేసి, తర్వాత ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నడపండి. లాక్ ఫైల్‌ని ఎన్‌పీఎం తనే సర్దుకుంటుంది.

సమస్య: "ఇంపోర్ట్ స్టేట్‌మెంట్‌ని మాడ్యూల్ బయట వాడకూడదు" లేదా "రిక్వైర్ డిఫైన్ కాలేదు"

ఈ రెండూ ఒకే చోట నుంచి పుడతాయి. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్‌లో రెండు మాడ్యూల్ పద్ధతులున్నాయి: రిక్వైర్‌తో నడిచే పాత కామన్ జేఎస్, ఇంపోర్ట్‌తో నడిచే ఈఎస్ మాడ్యూల్స్. మీ .జేఎస్ ఫైల్ ఏ పద్ధతిలో ఉందో నోడ్ ప్యాకేజ్.జేసన్‌లోని "టైప్" ఫీల్డ్ చూసి నిర్ణయిస్తుంది. అక్కడ "మాడ్యూల్" అని ఉంటే ఈఎస్ మాడ్యూల్, "కామన్‌జేఎస్" అని ఉంటే కామన్ జేఎస్. ఫీల్డ్ అసలు లేకపోతే చాలాకాలం కామన్ జేఎస్ అనే అనుకునేది. నోడ్ 20.19, 22.7 వెర్షన్ల నుంచి మాత్రం ఫీల్డ్ లేనప్పుడు ఫైల్ లోపలి సింటాక్స్ చూసి పోల్చుకుంటోంది.

ఈ మార్పు వల్ల కొత్త చిక్కు ఒకటి వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌లో కొత్త నోడ్ ఉంటుంది, "టైప్" రాయకపోయినా ఇంపోర్ట్ నడుస్తుంది. సర్వర్‌లో నోడ్ 18 ఉంటే అదే కోడ్ మొదటి లైన్‌లోనే ఆగిపోతుంది. కాబట్టి నోడ్ పోల్చుకుంటుందిలే అని వదిలేయకుండా "టైప్" ఫీల్డ్‌ని ఎప్పుడూ స్పష్టంగా రాయండి. రాసినా పట్టించుకోవట్లేదు అనిపిస్తే, నోడ్ చదువుతున్నది ఆ ప్యాకేజ్.జేసన్‌నేనా అని చూడండి. ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి పైకి వెళుతూ మొదట దొరికిన ప్యాకేజ్.జేసన్‌నే అది లెక్కలోకి తీసుకుంటుంది. మధ్యలో ఏదో ఫోల్డర్‌లో చిన్న ప్యాకేజ్.జేసన్ ఒకటి ఉండిపోతే మీరు పైన రాసింది దానికి కనబడదు.

ఇక "టైప్" ని "మాడ్యూల్" చేయగానే ఇంకో మూడు సమస్యలు వరసగా వస్తాయి. మొదటిది, మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్ అని కామన్ జేఎస్ పద్ధతిలో రాసున్న జెస్ట్, పోస్ట్ సీఎస్ఎస్ లాంటి పనిముట్ల కాన్ఫిగ్ ఫైళ్ళు పగులుతాయి. వాటి ఎక్స్‌టెన్షన్‌ని .సీజేఎస్ గా మార్చితే చాలు, లోపల ఏమీ ముట్టుకోనక్కర్లేదు. రెండోది, మీ సొంత ఫైళ్ళని ఇంపోర్ట్ చేసేటప్పుడు చివర .జేఎస్ తప్పకుండా రాయాలి. రిక్వైర్ దాన్ని ఊహించుకునేది, ఇంపోర్ట్ ఊహించుకోదు. మూడోది, ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే డర్‌నేమ్ వేరియబుల్ ఉండదు. నోడ్ 20.11 నుంచి దాని బదులు ఇంపోర్ట్.మెటా.డర్‌నేమ్ ఉంది.

మీ ప్రాజెక్టు కామన్ జేఎస్‌లో ఉండి, మీరు తెచ్చుకున్న లైబ్రరీ ఈఎస్ మాడ్యూల్‌గా మాత్రమే వస్తే పాత నోడ్‌లో "ఎర్-రిక్వైర్-ఈఎస్ఎం" వస్తుంది. చాక్ 5, నోడ్-ఫెచ్ 3 అలాంటివే. నోడ్ 20.19, 22.12 నుంచి టాప్ లెవల్ అవెయిట్ (ఏ ఫంక్షన్ లోపలా కాకుండా నేరుగా రాసిన అవెయిట్) లేని ఈఎస్ మాడ్యూళ్ళని రిక్వైర్ నేరుగా తెచ్చుకోగలదు. నోడ్ మార్చే వీలు లేకపోతే చాక్ 4, నోడ్-ఫెచ్ 2 వాడుకోండి, లేదా ఇంపోర్ట్() ఫంక్షన్‌తో పిలవండి.

సమస్య: "ఈ-రిజాల్వ్" ఎర్రర్

దీన్ని చూసి భయపడని జూనియర్ నాకు ఇంకా కనబడలేదు. నిజానికి ఇంత వివరంగా చెప్పే ఎర్రర్ ఎన్‌పీఎంలో మరొకటి లేదు. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీ 18వ వెర్షన్ వాడే ప్రాజెక్టు ఉందనుకోండి. మీరు వేసుకోబోయే లైబ్రరీ తన పీర్ డిపెండెన్సీలో ^17 అని రాసుకుంది, అంటే "నన్ను వాడుకునే చోట రియాక్ట్ 17 ఉండాలి" అని షరతు పెట్టింది. ఎర్రర్‌లో "ఫౌండ్" అన్న లైన్ మీ దగ్గర ఉన్న వెర్షన్ చెబుతుంది. "కుడ్ నాట్ రిజాల్వ్" కింద "పీర్" అని మొదలయ్యే లైన్ ఎవరు ఏ వెర్షన్ అడుగుతున్నారో చెబుతుంది. ఈ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తగువు ఎవరెవరి మధ్యో తెలిసిపోతుంది.

2020లో వచ్చిన ఎన్‌పీఎం 7కి ముందు ఇదే తేడాకి వార్నింగ్ ఇచ్చి ఊరుకునేది. 7 నుంచి పీర్ డిపెండెన్సీలని తనే ఇన్‌స్టాల్ చేస్తోంది, కుదరకపోతే ఆగిపోతోంది. పాత ప్రాజెక్టు తెరవగానే ఈ ఎర్రర్ రావడానికి అదే కారణం.

ముందుగా ఆ లైబ్రరీకి మీ రియాక్ట్‌ని ఒప్పుకునే కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి. ఎన్‌పీఎం వ్యూ అని కొట్టి, లైబ్రరీ పేరు, పీర్‌డిపెండెన్సీస్ అని చేర్చితే తెలుస్తుంది. లేకపోతే, లైబ్రరీ మీ వెర్షన్‌తో నిజంగా పనిచేస్తుందని పరీక్షించుకున్నాక "ఓవర్‌రైడ్స్" ఫీల్డ్‌లో ఆ ఒక్కదానికే మినహాయింపు రాయండి. ఎన్‌పీఎం 8.3 నుంచి ఈ ఫీల్డ్ ఉంది. దీన్ని ప్రాజెక్టు మూలంలోని ప్యాకేజ్.జేసన్‌లో రాస్తేనే పనిచేస్తుంది.

అందరూ ముందు పట్టుకునే లెగసీ-పీర్-డెప్స్ ఆప్షన్‌ని నేను చిట్టచివరకి పెడతాను. అది ఒక్క తగువుని తీర్చదు, అన్ని షరతులనీ ఒకేసారి పక్కన పెట్టేస్తుంది. రేపు రాబోయే నిజమైన తగువు కూడా మీకు కనబడదు. తప్పక వాడాల్సి వస్తే కమాండ్‌లో కొట్టి వదిలేయకండి. ప్రాజెక్టులోని ఎన్‌పీఎం సెట్టింగ్‌ల ఫైల్ .ఎన్‌పీఎంఆర్‌సీలో రాసి కమిట్ చేయండి, లేకపోతే మీ దగ్గర అయిన ఇన్‌స్టాల్ బిల్డ్ సర్వర్‌లో ఫెయిలవుతుంది.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది. ఇన్‌స్టాల్ బాగానే అవుతుంది, కానీ బ్రౌజర్లో "ఇన్‌వాలిడ్ హుక్ కాల్" అని వస్తుంది. హుక్ (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్) రాసిన తీరులో తప్పేమీ లేదనుకుంటే ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్ అని కొట్టండి. రెండు రియాక్ట్‌లు కనబడితే, ఏదో లైబ్రరీ రియాక్ట్‌ని పీర్ డిపెండెన్సీగా కాకుండా మామూలు డిపెండెన్సీగా రాసుకుందని అనుమానించండి. ఆ లైబ్రరీ మీ టీమ్‌దే అయితే అక్కడే మార్చండి.

సమస్య: ఎన్‌పీఎం సీఐ "రెండు ఫైళ్ళూ సరిపోలట్లేదు" అంటుంది

ఎన్‌పీఎం సీఐ అంటే లాక్ ఫైల్లో ఉన్నది ఉన్నట్టు ఇన్‌స్టాల్ చేసే కమాండ్. ఎవరో ప్యాకేజ్.జేసన్‌ని చేత్తో మార్చి, లాక్ ఫైల్‌ని కమిట్ చేయలేదు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నడిపి రెండూ కలిపి కమిట్ చేయండి. సీఐ బదులు ఇన్‌స్టాల్ పెట్టి గట్టెక్కుదాం అనుకోవద్దు, దయచేసి. ^1.4.0 అని రాస్తే 2.0.0 కంటే తక్కువైన ఏ కొత్త వెర్షనైనా రావచ్చు. ఫలానా వెర్షనే కావాలని గట్టిగా పట్టుకుని ఉండేది లాక్ ఫైల్ ఒక్కటే. మా ఇన్‌వాయిస్‌ల తేదీలు తారుమారైంది దాన్ని తీసేయడం వల్లే.

టీమ్‌లో ఎన్‌పీఎం వెర్షన్లు వేరువేరుగా ఉన్నా లాక్ ఫైల్ ఊరికే మారుతూ ఉంటుంది. ఫైల్ మొదట్లో ఉండే లాక్‌ఫైల్ వెర్షన్ అంకె చూడండి: ఎన్‌పీఎం 5, 6 అయితే 1, ఎన్‌పీఎం 7, 8 అయితే 2, ఎన్‌పీఎం 9 నుంచి 3.

సమస్య: ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, సర్వర్‌లో "మాడ్యూల్ దొరకలేదు"

డెవ్ డిపెండెన్సీల్లో (కోడ్ రాసేటప్పుడు, బిల్డ్ చేసేటప్పుడు మాత్రమే కావలసిన వాటి జాబితాలో) పెట్టిన ప్యాకేజీని యాప్ నడిచేటప్పుడు వాడుతున్నారేమో చూడండి. నోడ్ ఎన్వ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ ప్రొడక్షన్ అని ఉంటే ఎన్‌పీఎం డెవ్ డిపెండెన్సీలని ఇన్‌స్టాల్ చేయదు. యాప్‌కి కావలసినవి డిపెండెన్సీల్లోకి మార్చండి. బిల్డ్ దశలో "వీట్ దొరకలేదు", "టీఎస్‌సీ దొరకలేదు" అని బిల్డ్ పనిముట్ల గురించి వస్తే మాత్రం వాటిని అక్కడే ఉంచి, బిల్డ్‌కి అన్నీ ఇన్‌స్టాల్ చేసి, అయ్యాక ఎన్‌పీఎం ప్రూన్‌తో డెవ్ ప్యాకేజీలు తీసేయండి. దొరకనిది మీ సొంత ఫైల్ అయితే పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడండి. విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది.

సమస్య: "ప్యాకేజ్ పాత్ నాట్ ఎక్స్‌పోర్టెడ్"

ఫైల్ నోడ్ మాడ్యూల్స్‌లో కళ్ళెదుటే ఉంటుంది, అయినా నోడ్ ఇవ్వనంటుంది. లైబ్రరీ తన ప్యాకేజ్.జేసన్‌లో "ఎక్స్‌పోర్ట్స్" రాసుకుంటే అందులో చెప్పిన దారులే బయటివాళ్ళకి తెరిచి ఉంటాయి. లోపలి ఫైళ్ళని నేరుగా ఇంపోర్ట్ చేయడం మాని, డాక్యుమెంటేషన్‌లో చెప్పిన దారి వాడండి. లైబ్రరీ మీదే అయితే ఆ దారిని చేర్చండి. దారులు ./ తో మొదలవ్వాలి. కండిషన్ల (ఏ సందర్భంలో ఏ ఫైల్ ఇవ్వాలో చెప్పే పేర్ల) వరస కూడా ముఖ్యమే: నోడ్ పై నుంచి చూసి మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది. అందుకే "టైప్స్" మొదట, "డిఫాల్ట్" చివర రాయాలి.

సమస్య: "ఈ-బ్యాడ్-ఇంజిన్" లేదా "ఎన్వలప్ అన్‌సపోర్టెడ్"

మొదటిది వార్నింగే. లైబ్రరీ అడిగిన నోడ్ వెర్షన్ మీ దగ్గర లేదని అర్థం. దాన్ని దాటనివ్వకూడదంటే .ఎన్‌పీఎంఆర్‌సీలో ఇంజిన్-స్ట్రిక్ట్ ఆన్ చేయండి. రెండోది, ఫైళ్ళని కలిపి బండిల్ చేసే వెబ్‌ప్యాక్ పనిముట్టు 4వ వెర్షన్ వాడే ప్రాజెక్టులని నోడ్ 17 లేదా ఆపై వెర్షన్‌లో నడిపితే వస్తుంది. నోడ్ లోపలి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3 రావడంతో పాత ఎండీ4 హాష్ ఆగిపోయింది. వెబ్‌ప్యాక్ 5కి మారడమే అసలు మందు.

సమస్య: పబ్లిష్ చేసిన ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది, ఇంపోర్ట్ కాదు

బిల్డ్ చేసిన కోడ్ ఉండే డిస్ట్ ఫోల్డర్ ప్యాకేజీతో వెళ్ళి ఉండదు. "ఫైల్స్" ఫీల్డూ, .ఎన్‌పీఎంఇగ్నోర్ ఫైలూ రెండూ లేకపోతే ఎన్‌పీఎం .గిట్‌ఇగ్నోర్‌ని చూస్తుంది. బిల్డ్ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టకూడదని మనమే అందులో రాసి ఉంటాం. "ఫైల్స్"లో డిస్ట్ చేర్చండి. ఎన్‌పీఎం ప్యాక్‌ని డ్రై-రన్ ఆప్షన్‌తో నడిపి వచ్చే జాబితాని ఒక్కో లైనూ చదవండి. తర్వాత నిజంగా ప్యాక్ చేసి, ఆ ఫైల్‌ని ఖాళీ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్ట్ అవుతోందో లేదో చూసుకోండి. ఇదంతా పబ్లిష్‌కి ముందే జరగాలి. ఒకసారి వాడేసిన వెర్షన్ నంబర్‌తో మళ్ళీ పబ్లిష్ చేయడానికి ఎన్‌పీఎం ఒప్పుకోదు.